మార్ డెల్ ప్లాటా తీర్మానం గండిపేటకు ఎలా చేరింది

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టడానికి 1990ల్లో ఒక కంపెనీ భూమి కొంది. ఆ చోటు ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపే ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండు జలాశయాలు అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్లుగా హైదరాబాద్‌కు తాగునీళ్లు ఇస్తున్నాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల వరకూ కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీకి అనుమతి నిరాకరించింది. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం తన జీవో నుంచి తానే ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. వ్యవహారం అప్పిలేట్ అథారిటీ, హైకోర్టుల మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది.

2000 డిసెంబర్ 1న వచ్చిన తీర్పు మినహాయింపు చెల్లదంది. అందుకు చూపిన ఆధారాల్లో ఒకటి ఇక్కడి చట్టం కాదు. అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా అనే సముద్రతీర పట్నంలో 1977లో జరిగిన ఐక్యరాజ్యసమితి నీటి సదస్సు తీర్మానం అది. ఏ ప్రాంతం వారైనా, ఏ ఆర్థిక స్థితిలో ఉన్నా, కనీస అవసరాలకు సరిపడా మంచి తాగునీరు పొందే హక్కు మనుషులందరికీ ఉందని ఆ తీర్మానం చెబుతుంది. ఇందులో భారత్ భాగస్వామి కాబట్టి, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో తాగునీటి హక్కు కూడా ఉందని, దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని కోర్టు తేల్చింది.

ఆ సదస్సు తీర్మానం ఒప్పందం కాదు. దాన్ని పార్లమెంటు ఆమోదించలేదు, మీరితే శిక్ష కూడా లేదు. దాదాపు పాతికేళ్లుగా ఫైళ్లలో పడి ఉన్న ఆ కాగితం గండిపేట దగ్గర ఒక ఫ్యాక్టరీని ఆపడానికి అక్కరకొచ్చింది. అంతర్జాతీయ నియమాలు ఒక దేశపు నీటి విధానాన్ని ఎలా మారుస్తాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. బయటి నియమం ఉత్తర్వులా వచ్చి పడదు. ఇక్కడ ఎవరో ఒకరికి, అంటే ఒక జడ్జికో, మంత్రిత్వ శాఖకో, అప్పిచ్చే బ్యాంకుకో, పక్క రాష్ట్రంతో పోట్లాడే ప్రభుత్వానికో అది పనికొచ్చినప్పుడే దానికి బలం వస్తుంది. ఎవరు ఎత్తుకున్నారన్నదాన్ని బట్టే అది ఎంతకాలం నిలుస్తుందో కూడా తేలుతుంది.

రాజ్యాంగం ఏం చెబుతుందో చూస్తే ఈ దారి ఇంకా స్పష్టమవుతుంది. నీరు ప్రధానంగా రాష్ట్రాల జాబితాలో ఉంది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణలో మాత్రమే కేంద్రానికి చోటుంది. అందుకే 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టాన్ని పార్లమెంటు నేరుగా చేయలేకపోయింది. రాష్ట్రాలు తీర్మానాలు చేసి అడిగితే 252వ అధికరణం కింద చేసింది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టానికి ఆ అవసరం రాలేదు. 1972 స్టాక్‌హోం పర్యావరణ సదస్సు నిర్ణయాల అమలుకు అని పీఠికలోనే రాసుకుని, అంతర్జాతీయ ఒడంబడికల కోసం చట్టాలు చేసే అధికారమిచ్చే 253వ అధికరణాన్ని వాడుకుంది. అంటే బయటి సదస్సు కేంద్రానికి ఒక నీతిపాఠం కన్నా ముందు ఒక అధికారం. రాష్ట్రాల గడపలోకి అడుగుపెట్టడానికి దొరికిన అనుమతి. ఈ కోణం గురించి మన చర్చల్లో చాలా తక్కువగా వినిపిస్తుంది.

కోర్టుల దారి వేరు. 1992 రియో ప్రకటనలోని 15వ సూత్రం ముందుజాగ్రత్త గురించి చెబుతుంది. తీవ్రమైన నష్టం జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, శాస్త్రీయంగా పూర్తి రుజువు లేదన్న సాకుతో నివారణ చర్యలు వాయిదా వేయకూడదని దాని సారం. తమిళనాడు తోళ్ల పరిశ్రమల కాలుష్యంపై 1996లో వచ్చిన వెల్లూరు కేసు తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని దేశ చట్టంలో భాగమని ప్రకటించింది. హైదరాబాద్ జలాశయాల కేసులో 1999లో వచ్చిన మొదటి తీర్పు వెల్లూరు తీర్పులోని ఇంకో మాటను విడమరచింది. హాని జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అంది. కాలుష్యం జరిగాక నష్టపరిహారం కోసం తిరిగే ఊళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో పటాన్‌చెరు వైపు అడిగితే చెబుతారు.

ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు తెలుగువారు. శాస్త్ర సంబంధమైన చిక్కులు తేల్చడానికి మామూలు జడ్జీలకు తగిన నైపుణ్యం లేదని, నిపుణులు కూడా ఉండే పర్యావరణ కోర్టులు కావాలని ఆయన అందులోనే రాశారు. తర్వాత ఆయనే లా కమిషన్ ఛైర్మన్ అయ్యారు. 2003లో కమిషన్ ఇచ్చిన 186వ నివేదిక అదే మాటను ప్రతిపాదనగా మార్చింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. దాని పీఠికలో మళ్లీ స్టాక్‌హోం, రియో కనిపిస్తాయి. ఇవాళ మూసీ మీదా చెరువుల మీదా చెన్నై బెంచికి వెళ్లే ప్రతి పిటిషన్ వెనుకా హిమాయత్‌సాగర్ పక్కన రాని ఆ ఫ్యాక్టరీ ఉంది.

అయితే తీర్పుగా వచ్చిన నియమం కూడా శాశ్వతం కాదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో పది కిలోమీటర్ల ఆంక్షలు సడలించింది. 2023 మేలో జీవో 111ను పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. దీని పరిధిలో 84 గ్రామాలు, లక్షా 32 వేల ఎకరాలు ఉన్నాయి. ఐటీ కారిడార్ పక్కనే ఉన్న ఈ భూముల విలువ ఎంతో విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం చూపిన కారణం మాత్రం ఆలోచించదగ్గది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చాక నగర అవసరాల్లో ఈ జంట జలాశయాల వాటా నామమాత్రమే కాబట్టి పాత ఆంక్షలు అక్కర్లేదని అది వాదించింది. నియమం ‘తాగునీటి’ హక్కు మీద నిలబడింది. జలాశయం తాగునీటి వనరు కాదని ఒకసారి అంటే, ఆ నియమానికి పట్టు జారిపోతుంది. వరదను ఆపే చెరువుగానో భూగర్భ జలాలను నింపే చెరువుగానో దాన్ని కాపాడే అంతర్జాతీయ మాట ఆ తీర్పులో అంత గట్టిగా లేదు. ముందుజాగ్రత్త సూత్రం మిగిలే ఉంది కానీ, దాన్ని మళ్లీ ఎవరో ఎత్తుకోవాలి.

తీర్పులు కాకుండా అప్పులతో పాటు వచ్చే నియమాలున్నాయి. 1992 జనవరిలో డబ్లిన్‌లో నీటి నిపుణులు నాలుగు సూత్రాలు రాశారు. మంచినీరు పరిమితమైనది, సులువుగా పాడయ్యేది. నిర్వహణలో వాడకందారులు పాలుపంచుకోవాలి. స్త్రీలది ముఖ్యమైన పాత్ర. నీటికి ఆర్థిక విలువ ఉందని గుర్తించాలి. చూడటానికి అభ్యంతరం లేని మాటలే. అవి ప్రపంచ బ్యాంకు విధానంలోకి, అక్కడి నుంచి రుణ షరతుల్లోకి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోకి వచ్చిన వేగం మాత్రం అసాధారణం. 1997లో రాష్ట్రం రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం చేసింది. ఆ ఏడాది జూన్‌లోనే ఎన్నికలు జరిపి పది వేలకు పైగా సాగునీటి సంఘాలను ఏర్పాటు చేసింది. అంతకు కొద్దిగా ముందు నీటి తీరువాను దాదాపు మూడు రెట్లు పెంచింది. పెంపును రైతులు మింగాలంటే ఏదో చేతికి ఇవ్వాలి కదా, అందుకని కాలువల మరమ్మతు నిధులు సంఘాల చేతికి వచ్చాయి.

మొదటి కొన్నేళ్లు పనులు జరిగాయి. పూడిక తీశారు, తూములు బాగుచేశారు, కొన్నిచోట్ల చివరి భూములకు నీళ్లు అందాయి. అంతర్జాతీయ సమావేశాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు మోగింది. ఆ తర్వాత సంఘం అధ్యక్ష పదవి చాలాచోట్ల చిన్న కాంట్రాక్టరు పదవిగా మారిపోయింది. సంఘం అంటే నీళ్లు పంచుకునే చోటు కాక, బిల్లులు పాసయ్యే చోటు అయింది. కాలువ నీళ్లు వదిలే లస్కరు ఎవరి మాట వింటాడన్నది మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది. డబ్లిన్ మూడో సూత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. సంఘంలో ఓటు భూమిని బట్టి వస్తుంది, పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరు మీద ఉంటుంది. నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఆడవాళ్లే అయినా నీటి సంఘంలో వాళ్లకు చోటు దక్కింది చాలా తక్కువ.

అప్పుతో వచ్చిన నియమం అప్పు ఉన్నంతకాలమే ఉత్సాహంగా ఉంటుంది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పునరుద్ధరణను సాగునీటి శాఖ టెండర్లు పిలిచి చేయించింది. ఒండ్రు మట్టి తోలుకోవడంలో రైతులు పాల్గొన్నారు కానీ, నిర్ణయాలు శాఖవే. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్ చాలా విరామం తర్వాత 2024 డిసెంబర్‌లో సాగునీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిపింది. ఈసారి వాటిని గుర్తుచేసింది డబ్లిన్ కాదు, గ్రామస్థాయిలో పార్టీ నాయకులకు పదవుల అవసరం.

నాలుగో సూత్రానికి, అంటే నీటికి ధర కట్టడానికి, ఇంకా పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. అది తగిలిన చోటు కూడా హైదరాబాదే. తెలంగాణలో, రాయలసీమలో సేద్యం చాలావరకు బోర్ల మీద నడుస్తుంది. బోరు నీళ్లకు తీరువా లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచీ భూమి ఎవరిదైతే కింద నీళ్లూ వాళ్లవే అన్న భావన నడుస్తోంది. కాబట్టి బోరు నీళ్ల ధర అంటే మోటారు కరెంటు ధరే. విద్యుత్ సంస్కరణలు కూడా ప్రపంచ బ్యాంకు రుణంతోనే సాగాయి. 2000లో ఛార్జీలు పెరిగినప్పుడు ఉద్యమం చెలరేగింది. ఆగస్టు 28న అసెంబ్లీ వైపు వెళ్తున్న ప్రదర్శనపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004 మేలో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీదే పడింది. 2018 జనవరి నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. బషీర్‌బాగ్ తర్వాత రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ కూడా రైతు నీటికి ధర పెంచుతామన్న మాట ఎత్తలేదు.

ప్రపంచంలో భూగర్భ జలాలను అందరికన్నా ఎక్కువగా తోడే దేశం మనదే. అంతర్జాతీయ నియమాల చూపు ఎక్కువగా నదుల మీద, కుళాయిల మీద ఉంటుంది. బోరుబావి వాటికి అందదు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలంది, బోర్ల మధ్య దూరం ఉండాలంది. రిగ్గు లారీ ఊళ్లోకి వచ్చే వేగంతో పోలిస్తే అనుమతి కాగితం వేగం ఎంతో అందరికీ తెలుసు.

కాగితం మీద మాత్రం డబ్లిన్ మాట ఇప్పటికీ ఉంది. 1987 జాతీయ జల విధానంలో తాగునీటికి మొదటి ప్రాధాన్యం ఇచ్చారు. 2002 విధానంలో వసూలు చేసే ఛార్జీలు కనీసం నిర్వహణ ఖర్చులకైనా సరిపోవాలన్నారు, ప్రైవేటు భాగస్వామ్యాన్ని ఆహ్వానించారు. 2012 విధానం రెండు పడవల మీదా కాళ్లు పెట్టింది. నీరు ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా చూసుకోవాల్సిన ఉమ్మడి సొత్తు అంటుంది. తాగునీరు, పారిశుద్ధ్యం వంటి తప్పనిసరి అవసరాలు తీరాక మిగిలింది ఆర్థిక వస్తువనీ అంటుంది. మొదటి మాట హక్కుల సంప్రదాయం నుంచి, రెండోది డబ్లిన్ నుంచి వచ్చాయి. ఒకే పత్రంలో రెండు అంతర్జాతీయ ధోరణులు పక్కపక్కనే కూర్చున్నాయి. ఏ శాఖకు ఏది కావాలంటే అది తీసుకోవచ్చు.

ఈ రెండింటి కలయికను హైదరాబాద్‌లో ఇంటింటా చూడవచ్చు. 1989లో నగరానికి నీళ్లిచ్చే జలమండలి ఏర్పడింది, తన ఖర్చు తాను రాబట్టుకోవాల్సిన సంస్థగా. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తాగునీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని తీర్మానించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, అందులో భారత్ ఉంది. 41 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. 2021 జనవరిలో హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. బల్దియా ఎన్నికల హామీగా వచ్చిన పథకం అది, ఐరాస తీర్మానాన్ని ఎవరూ తలుచుకోలేదు. అయినా ఆ అంకెను విడదీసి చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన ప్రమాణం. అయిదుగురున్న ఇంటికి 30 రోజులకు 20,250 లీటర్లవుతాయి. పథకం అంకె దాదాపు అక్కడే నిలిచింది.

దక్షిణాఫ్రికా 2001లో ఇలాంటి పథకమే తెచ్చి ఇంటికి నెలకు 6 వేల లీటర్లు ఇచ్చింది. ఎనిమిది మంది ఇంటికి, మనిషికి 25 లీటర్ల లెక్కన. సొవెటో వాసులు అది చాలదని కోర్టుకెక్కితే, 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వ లెక్క అసమంజసం కాదంది. రాజ్యాంగంలోనే నీటి హక్కు రాసుకున్న దేశం పరిస్థితి అది. మన రాజ్యాంగంలో ఆ మాట నేరుగా లేదు. అయినా మన నగరంలో మూడు రెట్లకు పైగా నీళ్లు ఉచితం. హక్కు ఎక్కడ రాసి ఉందన్నదాన్ని బట్టి నీళ్లు పారవు.

ఉచితం కావాలంటే మీటరు పెట్టుకోవాలి, ఆధార్ జతచేసుకోవాలి. బస్తీలకు కొంత సడలింపు ఇచ్చారు. నీటికి ధర కట్టడానికి పుట్టిన పరికరం ఇక్కడ ఉచితానికి హద్దు గీసే పరికరంగా మారింది. పైపు కనెక్షనే లేని శివారు కాలనీల్లో మాత్రం హక్కూ లేదు, ఉచితమూ లేదు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం ఫోన్లు, టెన్షన్, రోజుకో రేటు.

ఇక అంకెల రూపంలో వచ్చే నియమాలు. వీటి గురించి ఎవరూ ధర్నాలు చేయరు కానీ, ఇంజినీర్ల పనిని నిజంగా మార్చేది ఇవే. 2000 తర్వాత సహస్రాబ్ది లక్ష్యాల కాలంలో ‘మెరుగైన వనరు’ ఉందా అన్నదే ప్రశ్న. వీధి చివర చేతిపంపు ఉంటే ఆ లెక్కలో చేరిపోయేది. 2015 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ప్రశ్ననే మార్చేశాయి. నీళ్లు ఇంటి ఆవరణలో ఉన్నాయా, కావలసినప్పుడు వస్తున్నాయా, కలుషితం కాకుండా ఉన్నాయా అని మూడు అడుగుతాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ చేతిపంపుల లెక్క వదిలేసి ఇంటి కుళాయిల లెక్క పట్టుకుంది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లను ప్రమాణంగా పెట్టుకుంది. తెలంగాణ అంతకన్నా ముందే, 2016లో మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా పెట్టడం మొదలుపెట్టి, పల్లెల్లో మనిషికి 100 లీటర్లు, నగరపాలక సంస్థల్లో 150 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. కేంద్రం లెక్క పట్టికలో తెలంగాణకు నూరు శాతం సులువుగానే వచ్చేసింది. మూడు ప్రశ్నల్లో మొదటిదానికి నల్లా సమాధానం చెప్పింది. రెండోదాని దగ్గర, రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే హైదరాబాద్ కాలనీలు కూడా ఆగిపోతాయి.

నల్లగొండ ఫ్లోరైడ్ కథ అంకెల స్వభావం బాగా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అయితే ఎండలు ఎక్కువై జనం ఎక్కువ నీళ్లు తాగే చోట స్థానిక పరిస్థితి చూసుకోవాలని ఆ సంస్థే చెప్పింది. మన ప్రమాణాల సంస్థ వాంఛనీయం 1.0 అని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని రాసింది. నల్లగొండలో పొలం పనికి పోయే మనిషి మే నెలలో ఎన్ని లీటర్లు తాగుతాడో జెనీవాలో కూర్చుని లెక్కకట్టలేరు. ఆ వెసులుబాటు ఇచ్చినందుకు వాళ్లను మెచ్చుకోవాలి, ‘ఫరవాలేదు’ అన్న గడిని ఏళ్ల తరబడి అసలు ప్రమాణంగా వాడుకున్నందుకు మనల్ని మనం నిలదీసుకోవాలి. ఫ్లోరైడ్ తీయడానికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అది టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా వెళ్లింది.

అన్నిటికన్నా విచిత్రమైన ప్రయాణం నదీజలాల నియమాలది. 1966లో హెల్సింకీలో అంతర్జాతీయ న్యాయ సంఘం కొన్ని సూత్రాలు రూపొందించింది. ఒకే నదిని పంచుకునే దేశాల్లో ఒక్కొక్కదానికి న్యాయమైన, సహేతుకమైన వాటా ఉండాలని, ఆ వాటాను తేల్చేటప్పుడు పరీవాహక విస్తీర్ణం, వర్షపాతం, ఇప్పటికే ఉన్న వాడకం, ఆధారపడిన జనాభా, ప్రత్యామ్నాయ వనరులు వంటివన్నీ చూడాలని చెప్పింది. వీటి ఆధారంగా 1997లో ఐరాస అంతర్జాతీయ జలమార్గాల ఒడంబడిక వచ్చింది. వందకు పైగా దేశాలు ఔనన్నాయి. చైనా, టర్కీ, బురుండీ కాదన్నాయి. భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది. వివాదాల్లో మూడో పక్షం జోక్యానికి చోటిచ్చే నిబంధనలు దానికి నచ్చలేదు. 2014లో ఆ ఒడంబడిక అమల్లోకి వచ్చినా ఇప్పటికీ భారత్ అందులో లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్‌తో ఉన్న 1960 సింధు ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టింది. ఇంటి బయట దేశం వైఖరి ఇదీ.

ఇంటి లోపల అవే సూత్రాలు దాదాపు చట్టంలా నడుస్తాయి. 2018 ఫిబ్రవరిలో కావేరీ తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు హెల్సింకీ సూత్రాలను, వాటి తర్వాత వచ్చిన 2004 బెర్లిన్ సూత్రాలను విస్తారంగా చర్చించింది. అంతర్రాష్ట్ర నది ఏ ఒక్క రాష్ట్రం సొంతం కాదంది. తమిళనాడు వాటాలోంచి 14.75 టీఎంసీలు తగ్గించి కర్ణాటకకు ఇచ్చింది, అందులో 4.75 టీఎంసీలు బెంగళూరు తాగునీటి అవసరాల పేరుతో. హైదరాబాద్‌కు ఇది చిన్న విషయం కాదు. బెంగళూరు నగరంలో ఎక్కువ భాగం కావేరీ పరీవాహకం బయటే ఉన్నా, పక్క బేసిన్‌లోని నగరం దాహం కూడా వాటా లెక్కలోకి వచ్చింది.

కృష్ణా వివాదంలో రెండు తెలుగు రాష్ట్రాలూ అదే హెల్సింకీ జాబితాలో వేర్వేరు చివరలు పట్టుకున్నాయి. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం ఆధారపడదగ్గ ప్రవాహం 2,060 టీఎంసీలని లెక్కగట్టి, తిరిగొచ్చే నీళ్లతో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. 1960 సెప్టెంబర్ నాటికి ఉన్న వాడకానికి ప్రత్యేక రక్షణ ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికంగా తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 అన్న ఒప్పందం కుదిరింది. తాత్కాలికం అన్నది ఏళ్లకు ఏళ్లు నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో మూడింట రెండు వంతులు మాది, కరువు జిల్లాలు మావి, మీకు గోదావరి నుంచి నీళ్లు మళ్లించుకునే దారి ఉంది అంటుంది తెలంగాణ. ఇదంతా జాబితాలోని విస్తీర్ణం, అవసరం, ప్రత్యామ్నాయం. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టినప్పటి నుంచి డెల్టా సాగు మాది, ట్రిబ్యునల్ రక్షించిన వాడకం మాది అంటుంది ఆంధ్రప్రదేశ్. ఇది జాబితాలోని ఉన్న వాడకం. పరీవాహకం బయటికి నీళ్లు తీసుకెళ్లవచ్చా అన్న చోట, శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ వైపు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు ఉంది.

2023 అక్టోబర్‌లో కేంద్రం ఈ పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. హెల్సింకీ సూత్రాలు జాబితా ఇస్తాయి కానీ, ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పవు. అన్నీ కలిపి చూడాలంటాయి. ఆ మౌనమే వాటి ఆయువు. ఎవరికీ పూర్తిగా ఓటమి చెప్పని నియమాన్ని అందరూ ఒప్పుకుంటారు. బరువులు తూచేది మాత్రం ఇక్కడి లెక్కలే: ఏ ఏడాది ఏ కాలువలో ఎన్ని క్యూసెక్కులు పోయాయి, ప్రవాహాన్ని ఎప్పటికప్పుడు కొలిచి పంపే టెలిమెట్రీ ఎక్కడ పెట్టారు, ఎక్కడ పెట్టనివ్వలేదు. అందుకే కృష్ణా బోర్డు సమావేశాల్లో న్యాయసూత్రాల కన్నా కొలత పరికరాల మీదే ఎక్కువ గొడవ.

పెద్ద ఆనకట్టల విషయంలో బయటి మాట పట్ల దేశం తీరు ఇంకాస్త మొండిగా ఉంటుంది. 2000 నవంబర్‌లో ప్రపంచ ఆనకట్టల కమిషన్ నివేదిక వచ్చినప్పుడు భారత్ దాని మార్గదర్శకాలను తోసిపుచ్చింది. 1982లో చిత్తడి నేలలను కాపాడే రామ్‌సర్ ఒడంబడికలో మాత్రం ఇబ్బంది లేకుండా చేరింది. 2002లో కొల్లేరు ఆ జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు, ఆ తర్వాత కొన్ని మళ్లీ లేచాయి.

నియమాలన్నీ బయటి నుంచే వస్తాయనుకోవడం కూడా పొరపాటే. 2002 నవంబర్ 14న హైదరాబాద్‌లోనే ఒక ప్రకటన తయారైంది. సేద్యంలో మురుగునీటి వాడకం మీద వివిధ దేశాల పరిశోధకులు సమావేశమై దాన్ని ఆమోదించారు, పేరే హైదరాబాద్ ప్రకటన. దానికి నేపథ్యం మూసీ. అంబర్‌పేట దాటాక నది వెంబడి పారాగడ్డి, ఆకుకూరలు, ఇంకా కిందికి పోతే వరి, అన్నీ నగరపు మురుగు మీదే పండుతాయి. గడ్డి నగరపు గేదెలకు, పాలు మళ్లీ నగరానికి. అప్పటిదాకా అంతర్జాతీయ ఆలోచన ఎక్కువగా ఒకే అంకె చుట్టూ తిరిగేది. 1989 ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం ప్రకారం పచ్చిగా తినే పంటలకు పెట్టే నీటిలో వంద మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా వెయ్యికి మించకూడదు. పేద దేశాల్లో అంత శుద్ధి చేసే ప్లాంట్లు లేవు కాబట్టి ఆ అంకె చెబుతూ కూర్చుంటే రైతుకు మిగిలేది నిషేధమే. హైదరాబాద్ ప్రకటన రెండు మాటలు కలిపి అంది: ఈ నీళ్లు పేదల బతుకుతెరువు, జాగ్రత్త లేకపోతే ఆరోగ్యానికి ముప్పు.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. నీటిలో ఎన్ని సూక్ష్మజీవులున్నాయన్న ఒక్క ప్రశ్న వదిలి, పొలం నుంచి పళ్లెం దాకా ఎన్ని అడ్డుకట్టలు వేయవచ్చో చూడమంది. కొంత శుద్ధి, పంట ఎంపిక, నీళ్లు ఆకులకు తగలకుండా పెట్టే పద్ధతి, కోతకు కొన్ని రోజుల ముందు తడి ఆపడం, మార్కెట్లో మంచినీళ్లతో కడగడం, వంటింట్లో ఇంకోసారి కడగడం. ఏ ఒక్కటీ పూర్తిగా జరగకపోయినా, అన్నీ కొంతకొంత జరిగితే జబ్బు తగ్గుతుందన్నది లెక్క. మూసీ రైతు లాంటివాళ్లను లెక్కలోకి తీసుకుని రాసిన నియమం ఇది.

మన దగ్గర మాత్రం పాత అంకె పాతుకుపోయింది. 2017లో కేంద్రం మురుగు శుద్ధి ప్లాంట్లకు ప్రకటించిన ప్రమాణాల్లో అదే వెయ్యి కనిపిస్తుంది. 2019లో హరిత ట్రిబ్యునల్ ఇంకా గట్టి ప్రమాణాలు పెట్టమంది. హైదరాబాద్‌లో 2021లో 31 కొత్త మురుగు శుద్ధి ప్లాంట్లు (ఎస్టీపీలు) మంజూరయ్యాయి, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు శుద్ధి చేసేలా, 3,866 కోట్ల రూపాయలతో. నది బాగుపడాలంటే అవి కావలసిందే, అందులో సందేహం లేదు. అయితే 2006 మార్గదర్శకంలోని మిగతా అడ్డుకట్టలు ఎవరి పని? జలమండలి బాధ్యత ప్లాంటు గొట్టం చివర ముగుస్తుంది. గడ్డి కోసే కూలీ కాళ్లకు బూట్లు కార్మిక శాఖవా, వ్యవసాయ శాఖవా తెలియదు. పాలకూర కట్టలను ఏ నీళ్లతో కడుగుతున్నారో చూడాల్సింది మార్కెట్ కమిటీయా, ఆహార భద్రతా అధికారులా తేలలేదు. ప్లాంటుకు టెండరు పిలవచ్చు, రిబ్బన్ కట్ చేయవచ్చు, ట్రిబ్యునల్‌కు పరీక్షల నివేదిక పంపవచ్చు. బూట్ల జతకు, కడిగే నీళ్లకు ఫైలు తెరిచే శాఖ ఇంకా లేదు.